నూరు రోజుల లెక్క: మూలకణ మార్పిడి చరిత్రలో నర్స్ కోఆర్డినేటర్

శస్త్రచికిత్స లేని మార్పిడి

అవయవ మార్పిడి అనగానే ఆపరేషన్ గది, పచ్చని వస్త్రాలు, శస్త్రవైద్యుడి చేతులు మనసులో మెదులుతాయి. మూత్రపిండం, కాలేయం, గుండె విషయంలో ఆ చిత్రం సరైనదే. రక్త మూలకణాల మార్పిడి మాత్రం ఆ చిత్రంలో ఇమడదు. దాత తుంటి ఎముకల నుంచి తీసిన మూలుగ గానీ, రక్తం నుంచి వేరుచేసిన మూలకణాలు గానీ ఒక సంచీలో రోగి గదికి చేరుతాయి. రక్తం ఎక్కించినట్లే సిరలోకి ఎక్కిస్తారు. ఎముకల లోపలికి దారి వెతుక్కునే పని ఆ కణాలదే. చాలా ఆసుపత్రులలో ఆ సంచీ మీది పేరును రోగి చేతిపట్టీతో సరిచూసేదీ, సంచీని వేలాడదీసి గొట్టం తెరిచేదీ, మొదటి పావుగంట రోగి ముఖంలోకి చూస్తూ నిలబడేదీ నర్సు. శీతలీకరించి నిలవ ఉంచిన కణాలైతే, వాటిని కాపాడే రసాయనం వల్ల గది అంతా వెల్లుల్లి వంటి వాసన కమ్ముకుంటుంది. ఆ వాసన ఎందుకు వస్తుందో రోగికీ, బంధువులకూ ముందుగా చెప్పి ఉంచేదీ ఆమే.

ఆ రోజుకు ‘సున్నా రోజు’ అని పేరు. దానికి ముందు రోజులను ఋణ సంఖ్యలతో, తరువాతి రోజులను ధన సంఖ్యలతో లెక్కిస్తారు. మొదటి పెద్ద మజిలీ నూరో రోజు. ఈ పంచాంగాన్ని చేతపట్టుకుని రోగిని, దాతను, ప్రయోగశాలను, మందుల విభాగాన్ని, బీమా సంస్థను, ఇంటిలోని సంరక్షకులను ఒకే తాటిమీద నడిపించే వ్యక్తి నర్స్ కోఆర్డినేటర్. వైద్యచరిత్ర గ్రంథాలలో ఆమె పేరు కనిపించదు. ఆ వృత్తి ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలంటే, మూలకణ మార్పిడి ఎన్ని ఓటముల మీదుగా నడిచి వచ్చిందో చూడాలి.

కూపర్స్‌టౌన్ నుంచి సియాటెల్‌కు

1950లలో న్యూయార్క్ రాష్ట్రంలోని చిన్న ఊరు కూపర్స్‌టౌన్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ డొనాల్ థామస్ ఈ ప్రయత్నాలు మొదలుపెట్టారు. రేడియేషన్, కీమోథెరపీ ఇచ్చిన ఆరుగురు రోగులకు మూలుగను సిర ద్వారా ఎక్కించిన అనుభవాన్ని 1957లో ప్రచురించారు. ఇద్దరిలో మాత్రమే దాత కణాలు తాత్కాలికంగా నిలదొక్కుకున్నాయి. నూరు రోజులు దాటి ఎవరూ బతకలేదు. 1959లో ల్యుకేమియా రోగులకు వారి కవల తోబుట్టువుల మూలుగను ఇచ్చినప్పుడు రక్తకణాలు చక్కగా కోలుకున్నాయి గానీ, కొద్ది నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. 1958లో యుగోస్లావియాలోని విన్చా అణుకేంద్రంలో ప్రమాదానికి గురైన శాస్త్రజ్ఞులకు పారిస్‌లో జార్జ్ మతే మూలుగ ఎక్కించారు. ఆ వార్త ప్రపంచమంతటా ఆశలు రేపింది. తరువాతి పదేళ్ళు ఆ ఆశలను నిలబెట్టలేదు. 1970లో మార్టిమర్ బోర్టిన్ అప్పటిదాకా ప్రచురితమైన సుమారు 200 మార్పిడులను ఒకచోట చేర్చి చూపినప్పుడు, వారిలో అత్యధికులు అప్పటికే మరణించారు. ఎంతోమంది పరిశోధకులు ఈ దారిని విడిచిపెట్టారు.

విడిచిపెట్టనివారిలో థామస్ ఒకరు. ఆయన 1963లో సియాటెల్ చేరారు. ఆయనతోపాటు ఆయన భార్య డాటీ థామస్ కూడా ఆ పనిలోనే ఉన్నారు. ఆమె నర్సు కాదు. పత్రికారచన చదువుతూ, పెళ్ళయ్యాక దాన్ని వదిలి, వైద్య ప్రయోగశాలలో శిక్షణ పొందారు. రక్త పరీక్షలు చేయడం, వ్యాసాలు సరిదిద్దడం, నిధుల దరఖాస్తులు తయారుచేయడం, కార్యాలయాన్ని నడపడం ఆమె వంతు. సహచరులు ఆమెను మూలుగ మార్పిడికి తల్లి అన్నారు. 1990లో నోబెల్ బహుమతి జోసెఫ్ మరేకూ, థామస్‌కూ కలిపి వచ్చింది. సమన్వయం అనేది ఒక వైద్యుడి పక్కన ఉన్నవారు చేసే పేరులేని పనిగా ఈ రంగంలో మొదలైందనడానికి డాటీ జీవితం సాక్ష్యం. ఆ పని పెరిగి, ఒక మనిషి వల్ల కానంత అయినప్పుడు అది వృత్తిగా మారింది.

1968లో మినెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన ఒక పసివాడికి తోబుట్టువు మూలుగ ఇచ్చి బతికించింది. 1958లో జాన్ డొసే మొదలుపెట్టిన హెచ్.ఎల్.ఎ. పరిశోధన, దాతనూ గ్రహీతనూ జతపరచే కొలబద్దగా అప్పటికి అందివచ్చింది. దాదాపు అదే కాలంలో, అదే మినెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మేరీ మాంథీ అనే నర్సు, ఒక రోగి బాధ్యత మొదటి నుంచి చివరిదాకా ఒకే నర్సుకు ఉండాలనే ‘ప్రైమరీ నర్సింగ్’ పద్ధతికి రూపమిచ్చారు. ఒకటి ప్రయోగశాలలో పుట్టింది, మరొకటి వార్డులో. రెంటికీ పుట్టుకలో సంబంధం లేదు. తరువాతి కాలపు కోఆర్డినేటర్ పనిలో మాత్రం రెండూ కలిశాయి.

కొలిచిన చేతులు

1970లలో సియాటెల్ వార్డులలో రోగికి రెండు మోతాదుల సైక్లోఫాస్ఫమైడ్, ఆపైన దేహమంతటికీ వెయ్యి రాడ్‌ల రేడియేషన్ ఇచ్చేవారు. రోగి సొంత మూలుగ పూర్తిగా నశించేది. కొత్త కణాలు కుదురుకునేదాకా రెండు మూడు వారాలపాటు ఒక సూక్ష్మజీవి చాలు, ప్రాణం పోవడానికి. కొందరిని వడగట్టిన గాలి ప్రవహించే గదులలో, ప్లాస్టిక్ తెరల వెనుక ఉంచేవారు. నోరంతా పుండ్లు, నీళ్ళు మింగడమే కష్టం. తెరకు అమర్చిన తొడుగులలో చేతులు దూర్చి నర్సులు సేవలు చేసేవారు.

1977లో థామస్ బృందం ప్రచురించిన నూరుగురి వ్యాసం ఈ రంగంలో ఒక మైలురాయి. ఇతర చికిత్సలన్నీ విఫలమైన నూరుగురు ల్యుకేమియా రోగులలో 13 మంది జబ్బు లేకుండా బతికి ఉన్నారని ఆ వ్యాసం చెప్పింది. వైద్యలోకం ఆ 13 మందిలో భవిష్యత్తును చూసింది. ఆ వార్డుల నర్సులు మిగిలిన 87 మందిని కూడా చూశారు. ఈ రెండు చూపులూ కలిస్తేనే ఆ చరిత్ర పూర్తవుతుంది.

రోగిని బతికించే కణాలే రోగి మీద తిరగబడడం ఈ చికిత్సకు పెద్ద గండం. దాత తెల్ల కణాలు కొత్త దేహాన్ని పరాయిదిగా భావించి చర్మం, కాలేయం, పేగుల మీద దాడి చేస్తాయి. దీన్ని గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ వ్యాధి అంటారు. 1974లో గ్లక్స్‌బర్గ్, ఆయన సహచరులు దాని తీవ్రతను కొలిచే పట్టికను రూపొందించారు. చర్మంలో ఎంత భాగం ఎర్రబడింది, రక్తంలో బిలిరుబిన్ ఎంత, రోజుకు ఎన్ని మిల్లీలీటర్ల విరేచనాలు అన్నవి దానికి ఆధారాలు. 500 దాటితే ఒక దశ, 1000 దాటితే రెండవది, 1500 దాటితే మూడవది. నేటి పట్టికలు కూడా ఆ పునాది మీద నిలిచినవే. బిలిరుబిన్‌ను యంత్రం చెబుతుంది. తక్కిన రెండింటిలో విరేచనాల లెక్క రాత్రీపగలూ పాత్రలో కొలిచి కాగితం మీద వేసింది నర్సు. దద్దురు నిన్న అరచేతుల్లోనే ఉంది, ఈ ఉదయం చెవుల వెనక్కి పాకిందని మొదట గమనించింది కూడా తరచుగా ఆమే. ఆ అంకెలలో తప్పు ఉంటే వైద్యుడి నిర్ణయమూ తప్పుతుంది. వేలాది పరిశోధన వ్యాసాల గణాంకాల అడుగున ఈ కొలతలు ఉన్నాయి.

భీమవరం నుంచి వచ్చిన మందు

ఈ వ్యాధిని ముందే అడ్డుకునే మందులలో ఒకదాని చరిత్ర తెలుగు పాఠకులకు దగ్గరిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఆపై దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా తగ్గడాన్ని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథొట్రెక్సేట్, దాత కణాల దాడిని నిలువరించే మందుగా మూలుగ మార్పిడిలో చోటు సంపాదించుకుంది. 1986లో రైనర్ స్టోర్బ్, ఆయన సియాటెల్ సహచరులు సైక్లోస్పొరిన్‌తో కలిపి దాన్ని కొద్ది మోతాదులలో ఇస్తే ఫలితం మెరుగని చూపారు. మార్పిడి తరువాత 1, 3, 6, 11వ రోజులలో ఇచ్చే ఆ నాలుగు మోతాదుల పద్ధతి నేటికీ అనేక దేశాలలో వాడుకలో ఉంది.

కాగితం మీద అది నాలుగు అంకెల వరుస. రోగి పక్కన అది నాలుగు ప్రశ్నలు. నోటి పుండ్లు ఎంతవరకు వచ్చాయి? మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయా? ఊపిరితిత్తుల చుట్టూ గానీ పొట్టలో గానీ నీరు చేరిందా? చేరితే మందు అక్కడే నిలిచిపోయి విషంగా మారవచ్చు. పదకొండో రోజు మోతాదు ఇవ్వాలా, ఆపాలా అన్న నిర్ణయం వైద్యుడిదే. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం వేళకు అందకపోతే మోతాదు గుడ్డిగా నడిచిపోతుంది. భీమవరం బిడ్డ బృందం నుంచి వచ్చిన ఆ మందు మేలు చేయాలంటే, ఈ ప్రశ్నలు అడిగే మనిషి ఒకరు ఉండాలి.

వార్డు గోడలు దాటిన చికిత్స

మూలకణ మార్పిడి ఒకే వార్డులో మొదలై అక్కడే ముగిసినంతకాలం ప్రత్యేకమైన కోఆర్డినేటర్ అవసరం అంతగా కనిపించలేదు. చికిత్స గోడలు దాటుతున్నకొద్దీ ఆ అవసరం పెరిగింది.

మొదటి అడుగు ఒక గొట్టం. 1973లో బ్రోవియాక్, 1979లో సియాటెల్‌కు చెందిన రాబర్ట్ హిక్‌మన్ రూపొందించిన సిలికాన్ గొట్టాలు ఛాతీ మీది చర్మం కింద నుంచి పెద్ద సిరలోకి వెళ్ళి నెలల తరబడి నిలుస్తాయి. సూదుల బాధ తగ్గింది, రోగి ఇంటికి వెళ్ళగలిగాడు. గుండెదాకా తెరిచిన దారి మాత్రం ఇప్పుడు వంటింటి పక్కగదిలో ఉంది. కట్టు మార్చడం, గొట్టాన్ని శుభ్రపరచడం, చలిజ్వరం రాగానే గంటలు లెక్కపెట్టకుండా ఫోన్ చేయడం భార్యకో తల్లికో నేర్పవలసి వచ్చింది. నర్సు ఉపాధ్యాయురాలైంది.

రెండవ అడుగు దూరపు దాత. తోబుట్టువులలో ఒక్కొక్కరు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు తోబుట్టువులున్నా కనీసం ఒకరు సరిపోయే అవకాశం 44 శాతమే. 1974లో ఇంగ్లండ్‌లో తన కొడుకు ఆంటొనీ కోసం షర్లీ నోలన్ దాతల జాబితాను ప్రారంభించారు. ఆ బాలుడికి దాత దొరకలేదు, 1979లో మరణించాడు. ఆ జాబితా మాత్రం ఎందరికో దారి చూపింది. అమెరికాలో జాతీయ మూలుగ దాతల పథకం 1986లో ఏర్పడింది. అప్పటినుంచి దాత ఒక ఖండంలో, రోగి మరో ఖండంలో ఉండడం మామూలైంది. దాత నుంచి తీసిన కణాలు శీతల పెట్టెలో, ఒక మనిషి చేతిలో విమానమెక్కి వస్తాయి. అవి చేరేసరికి రోగి సొంత మూలుగ నశించి ఉంటుంది. వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇరుపక్కలా తేదీలను ముడివేసే బాధ్యత కోఆర్డినేటర్ మీద పడింది. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగినప్పుడు, కణాలు ముందే చేరి శీతలీకరించి ఉన్నాయని తేలాకే రోగికి కీమోథెరపీ మొదలుపెట్టే పద్ధతిని అనేక కేంద్రాలు పాటించాయి.

మూడవ అడుగు 1990లలో పడింది. తెల్లకణాలను పెంచే జి-సి.ఎస్.ఎఫ్. సూదిమందు వచ్చాక మూలకణాలను రక్తం నుంచే సేకరించగలిగారు. మోతాదు తగ్గించిన కీమోథెరపీ వల్ల అరవై, డెబ్బై ఏళ్ళవారికీ మార్పిడి సాధ్యమైంది. చికిత్సలో పెద్దభాగం ఔట్‌పేషంట్ విభాగానికి మారింది. బతికినవారి సంఖ్య పెరిగి, వారికి థైరాయిడ్, ఎముకల బలహీనత, కంటిపొర, సంతానలేమి, రెండవ క్యాన్సర్ వంటి సమస్యలు ఏళ్ళ తరబడి వెంటాడాయి. పుట్టినప్పటి టీకాల రక్షణ పోతుంది గనుక పెద్దవాళ్ళకు కూడా పసిపిల్లల టీకాలు మళ్ళీ వేయించాలి. ఈ దీర్ఘకాలపు చిట్టాను ఎవరో ఒకరు రాసి ఉంచాలి. 1996లో అమెరికాలో కణచికిత్స కేంద్రాల గుర్తింపునకు ఏర్పడిన ఫాక్ట్ సంస్థ, నర్సుల శిక్షణనూ లిఖిత విధానాలనూ నాణ్యతా ప్రమాణాలలో చేర్చింది. 2014లో ఈ విభాగపు నర్సులకు ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష మొదలైంది. నలభై ఏళ్ళుగా జరుగుతున్న పనికి అప్పటికి ఒక పట్టా వచ్చింది.

వెల్లూరు పాఠాలు

భారతదేశంలో తొలి మూలుగ మార్పిడి 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. 1986లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మామెన్ చాందీ నాయకత్వాన మార్పిడులు మొదలయ్యాయి. వెల్లూరు తమిళనాడులోనే ఉన్నా చిత్తూరు సరిహద్దుకు దగ్గర. రాయలసీమ కుటుంబాలకు తరతరాలుగా అది ‘పెద్దాసుపత్రి’. 1909లోనే నర్సుల శిక్షణ మొదలైన ఆ సంస్థలో, కొత్త చికిత్సకు కావలసిన నర్సింగ్ పునాది ముందే ఉంది.

అక్కడ ప్రధాన సమస్య తలసీమియా. 1981 చివర సియాటెల్‌లోనూ, వెనువెంటనే ఇటలీలోని పెసరోలో గ్విడో లుకరెల్లి చేతిలోనూ ఈ జబ్బుకు మార్పిడులు మొదలయ్యాయి. మార్పిడి ఫలితాన్ని ముందుగా అంచనా వేయడానికి లుకరెల్లి మూడు ప్రమాద సూచికలు చెప్పారు: పెరిగిన కాలేయం, కాలేయంలో మచ్చకట్టడం, శరీరంలో పేరుకున్న ఇనుమును తొలగించే మందు క్రమం తప్పడం. మూడవది జన్యువులలో ఉన్నది కాదు. ఇంటి ఆర్థిక స్థితిలో, బస్సు ఛార్జీలలో, రాత్రంతా చర్మం కింద సూది పెట్టుకుని పడుకోవలసిన పిల్లవాడి విసుగులో ఉన్నది. మార్పిడికి ఏళ్ళముందే మొదలయ్యే ఆ పోరాటంలో, మందు ఎందుకు ఆగిందో తిట్టకుండా అడగగలిగిన నర్సు విలువను ఆ సూచికే ఒప్పుకున్నట్లయింది.

భారతీయ వార్డులలో కోఆర్డినేటర్ పనికి స్థానికమైన రూపం వచ్చింది. వంట కుక్కర్‌లో వండి వేడిగా ఇవ్వడం, నీళ్ళు మరిగించి చల్లార్చడం, పచ్చళ్ళు, బయటి పెరుగు కొన్నాళ్ళు మానిపించడం, గుడి ప్రసాదాన్ని కాదనలేని అమ్మమ్మకు నొప్పించకుండా సర్దిచెప్పడం అందులో భాగాలు. దాత అన్వేషణలోనూ దక్షిణాది కుటుంబాలకు ఒక ప్రత్యేకత ఉంది. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఉన్నచోట హెచ్.ఎల్.ఎ. వరుసలు కుటుంబంలోనే తిరుగుతాయి. తోబుట్టువులు సరిపోకపోయినా తల్లో తండ్రో మేనత్త బిడ్డో సరిపోయే అవకాశం ఇతరులకంటే కొంత ఎక్కువ. అందుచేత వంశవృక్షాన్ని ఓపికగా గీయించడం అక్కడ చికిత్సలో భాగం.

దాతతో విడిగా మాట్లాడే గది

ప్రవాసంలోని తెలుగువారికి ఈ చరిత్ర దూరపు సంగతి కాదు. 2014లో అమెరికా జాబితాను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, ఐరోపా సంతతివారికి పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం సుమారు 75 శాతం. దక్షిణాసియా సంతతివారికి అది అందులో సగానికన్నా తక్కువ. సగం మాత్రమే సరిపోయే బంధువు నుంచి మార్పిడి చేసే పద్ధతి ఇటీవల బలపడడంతో ఆ లోటు కొంత తీరింది. దాంతో హ్యూస్టన్‌లోని అన్నకు దాతగా గుంటూరులోని తమ్ముడి మీదే చూపు నిలవడం సాధారణమైంది. అప్పుడు వీసా కార్యాలయానికి ఆసుపత్రి లేఖ, అక్కడి ప్రయోగశాలలో తీసిన నమూనా, దాత వైద్య పరీక్షల ఖర్చు, అతని సెలవు, అన్నీ కోఆర్డినేటర్ బల్ల మీదికి వస్తాయి.

వాటన్నిటికన్నా బరువైన విషయం మరొకటి ఉంది. ‘సొంత అన్నకు ఇవ్వనంటావా?’ అనే ప్రశ్నకు మన ఇళ్ళలో కాదనే జవాబు లేదు. తమ్ముడికి సూదులంటే భయం ఉండవచ్చు. బయటపెట్టని జబ్బు ఉండవచ్చు. అతని భార్య గర్భవతి కావచ్చు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా ఉండవచ్చు. అందుకే దాతను పరీక్షించే వైద్యుడు రోగికి చికిత్స చేసే వైద్యుడు కాకూడదన్న నియమం ఈ రంగంలో స్థిరపడింది. దాతతో విడిగా, బంధువులెవరూ లేని గదిలో, అవసరమైతే కుటుంబానికి చెందని దుబాసీ సాయంతో మాట్లాడాలి. అతను కాదంటే, కారణం బయటపెట్టకుండా ‘ఈ దాత తగినవాడు కాడు’ అన్న ఒక్క మాటతో విషయం ముగియాలి. రోగి ప్రాణం కోసం పరుగెత్తే వ్యవస్థలో, దాత తరఫున ఒక్క నిమిషం ఆగి అడిగే ఈ ఏర్పాటు చిన్నదిగా కనిపిస్తుంది. దాత ఇష్టపూర్వకంగా ఇచ్చేదాన్నే దానం అనగలం గనుక, ఈ ఏర్పాటు లేకుండా మిగతా విజయాలకు నైతిక బలం ఉండదు.

చేతిరాత

2017లో అమెరికాలో కార్-టి చికిత్సకు ఆమోదం లభించింది. రోగి సొంత టి కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించే ఈ పద్ధతిని చాలాచోట్ల మూలకణ మార్పిడి బృందాలే చేపట్టాయి. దీనివల్ల కొందరిలో మెదడు తాత్కాలికంగా దెబ్బతింటుంది. దాన్ని ముందే పసిగట్టడానికి నర్సు ప్రతిరోజూ రోగిని కొన్ని అడుగుతుంది: ఇది ఏ ఊరు, ఏ నెల, ఈ వస్తువు పేరేమిటి, నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి. చివరగా కాగితమిచ్చి ఒక వాక్యం రాయమంటుంది. నిన్నటి వాక్యం పక్కన నేటిది పెట్టి చూస్తే, స్కాన్‌లో ఏమీ కనబడకముందే అక్షరాలు వణకడం, గీత దారితప్పడం తెలుస్తాయి. రాసింది తెలుగులోనైనా, ఆ భాష రాని నర్సుకు కూడా చేతిరాత మారిందన్న సంగతి కనిపిస్తుంది.

ఆరున్నర దశాబ్దాలలో యంత్రాలు మారాయి, మందులు మారాయి, నూరుగురిలో బతికేవారి సంఖ్య పెరిగింది. పాత్రతో కొలిచిన మిల్లీలీటర్లు, అరచేతి దద్దురు, పదకొండో రోజు ప్రశ్నలు, గుంటూరు తమ్ముడితో విడిగా మాట్లాడిన ఐదు నిమిషాలు, ఈ వాక్యం, ఇవన్నీ ఒకే పనికి వేర్వేరు రూపాలు. నిన్నటిని నేటితో పోల్చి, తేడాను వేళకు సరైన వ్యక్తికి చేర్చడమే ఆ పని. ఈ రంగపు చరిత్రను ప్రచురిత వ్యాసాల ఆధారంగా రాశారు గనుక అందులో వైద్యుల పేర్లే మిగిలాయి. నర్సులు రాసుకున్న చార్టులు గడువు తీరాక నాశనమయ్యాయి. ఆ చార్టులలోని అంకెలు మాత్రం ఆ వ్యాసాల పట్టికలలో ఉన్నాయి. నూరో రోజు దాటి ఇల్లు చేరినవారి దేహాలలోనూ ఆ పని ఫలితం ఉంది.